పాత కారు నడుస్తూనే ఉండాలి

అందరికీ నమస్కారం. కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇంతమంది ఒకచోట చేరితే చూడ్డానికే సంతోషంగా ఉంది.

పాత కారుకి కొత్త రంగు వేయించి, క్రోమ్ మెరిపించి ప్రదర్శనలో నిలబెట్టడం గురించి నేను ఇవాళ మాట్లాడను. ఆ పనితనం నాకూ ఇష్టమే, దాని గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు. నేను చెప్పబోయేది రోడ్డు మీద తిరిగే పాత కారు గురించి. 50, 60 ఏళ్ళ కింద తయారైన బండి పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్టవ్వాలి, మనల్ని ఎక్కించుకుని వెళ్ళాలి, ఎవరూ తోయకుండా తిరిగి ఇంటికి రావాలి. దానికి ఏం చేయాలో, ఎందుకు చేయాలో చెప్తాను.

నా బండి మోరిస్ మైనర్. 1948లో బ్రిటన్‌లో వచ్చింది. డిజైన్ చేసినాయన అలెక్ ఇస్సిగోనిస్, ఆ తర్వాత మినీని రూపొందించిందీ ఆయనే. బ్రిటిష్ కార్లలో 10 లక్షలకు పైగా తయారైన మొదటిది మైనరే. అందుకని నా ఉదాహరణలు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి. మీ దగ్గర బీటిల్ ఉన్నా, ఫియట్ ఉన్నా, బెంజ్ ఉన్నా కొలతలు మారతాయేమో గానీ సూత్రం అదే.

తిరిగి తిరిగి పాడైన పాత కార్లకంటే నిలబడి నిలబడి పాడైనవే నేను ఎక్కువ చూశాను. ఒక బండి ఆరు నెలలు కదల్లేదనుకోండి. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌లో ఫ్లోట్ చాంబర్ అనే చిన్న గిన్నె ఉంటుంది, అందులో మిగిలిన పెట్రోలులో తేలికైన భాగం ఆవిరైపోతుంది, మిగతాది జిగురులా పేరుకుని జెట్ అనే సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. చక్రం దగ్గర బ్రేకు వేసే వీల్ సిలిండర్‌లో పిస్టన్ తుప్పుతో బిగుసుకుంటుంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుంటుంది. గేర్‌బాక్స్ సీలు ఆయిల్ తడి లేక ఎండి, బండి బయటికి తీసిన రోజే కారడం మొదలుపెడుతుంది. టైరు ఒకేచోట బరువు మోసి అక్కడ చదునెక్కుతుంది. ఛార్జి దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, ఇక ఎంత ఛార్జి పెట్టినా పట్టుకోదు. వైరింగ్‌లో ఎలుకలు కాపురం పెడతాయి. వీటిలో ఒక్కటి కూడా బండి నడిపినందువల్ల వచ్చిన జబ్బు కాదు.

దీనికి చాలామంది ఒక వైద్యం చేస్తుంటారు. వారానికోసారి ఇంజన్ స్టార్ట్ చేసి, పది నిమిషాలు అక్కడే ఉంచి, ఆపేసి కవర్ కప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దానికంటే అసలు ముట్టుకోకపోవడం నయం. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరై, ఆవిరిగా సైలెన్సర్ దారిన పోతుంది. అయితే ఆ దారంతా బాగా వేడెక్కితేనే పోతుంది. నిలబెట్టి పది నిమిషాలు ఆడిస్తే సైలెన్సర్ వెనక భాగం వేడెక్కదు, నీరు అక్కడే నిలిచి ఇనుమును లోపలినుంచి తినేస్తుంది. కొంత తేమ పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి ఇంజన్ ఆయిల్‌లో చేరుతుంది. ఆయిల్ పోసే మూత తీసి అడుగువైపు చూడండి. మీగడ రంగులో నురగ పేరుకుని ఉంటే తరచుగా కారణం ఈ తేమే. ఇంకో నష్టం కూడా ఉంది. చల్లని ఇంజన్‌కి పెట్రోలు పాలు పెంచే చోక్ లాగి ఉంచినంతసేపూ ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. బ్యాటరీని ఛార్జి చేయడానికి పాతకాలపు డైనమో ఉన్న బండిలో అయితే ఇంజన్ మెల్లగా ఆడుతున్నప్పుడు బ్యాటరీకి ఛార్జి ఎక్కదు. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన కరెంటు కూడా తిరిగి చేరదు.

అందుకని, తీస్తే నడపండి. అరగంటకి తక్కువ కాకుండా, ఇంజన్‌తో పాటు గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ కూడా వేడెక్కేదాకా నడపండి. గేర్లన్నీ వేయండి. వెనక ఎవరూ లేనిచోట రెండు మూడుసార్లు బ్రేకులు గట్టిగా తొక్కండి. రెండు వారాలకోసారి ఇలా తిరిగిన బండి ఏళ్ళ తరబడి పెద్దగా ఇబ్బంది పెట్టదు. నిజంగానే నెలల తరబడి తీయలేని పరిస్థితి వస్తే ఆయిల్ మార్చి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టి, బ్యాటరీ విప్పి దానికి వేరేగా ఛార్జి ఏర్పాటు చేసి, ఇంక కదిలించకుండా వదిలేయండి.

అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అని ఒక సైన్స్ టీచరు ఉండేవారు. 1966లో వోల్వో పీ1800 కొన్నారు. 2013కి ఆ ఒక్క కారుతో 30 లక్షల మైళ్ళు దాటారు, అంటే 48 లక్షల కిలోమీటర్లకు పైమాటే. గిన్నిస్ రికార్డులో ఆయన పేరుంది. 2018లో పోయేదాకా నడుపుతూనే ఉన్నారు. ఆయన చేసింది మంత్రం కాదు, వేళకి ఆయిల్ మార్చడం, కంపెనీ పుస్తకంలో రాసిన సర్వీసు రాసినట్టు చేయించడం. ఆ కారు అన్నేళ్ళు బతికిందంటే రోజూ రోడ్డు మీద ఉంది కాబట్టి, ఎక్కడ ఏ చిన్న తేడా వచ్చినా ఆ రోజే తెలిసింది కాబట్టి.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? బ్రేకుల దగ్గర. కొత్తగా పాత కారు కొన్నవాళ్ళు ముందు సీటు కవర్ల కోసం, రంగు కోసం తిరుగుతుంటే నాకు భయమేస్తుంది. 1960ల వరకు వచ్చిన చాలా కార్లలో బ్రేక్ లైను ఒక్కటే సర్క్యూటు. నాలుగు చక్రాల్లో ఏ ఒక్కచోట సీలు చిరిగినా, ఒక్క హోస్ పగిలినా, పెడల్ నేలకి తగులుతుంది, నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. హ్యాండ్ బ్రేకే దిక్కు. అందుకని రబ్బరు హోసులు వయసు చూసి మార్చాలి, పగుళ్ళు కనిపించేదాకా ఆగకూడదు. లోపల ఉబ్బి మూసుకుపోయిన హోస్ పైకి నున్నగానే కనిపిస్తుంది. బ్రేక్ తొక్కి వదిలాక ఒక చక్రం పట్టుకునే ఉంటే ముందు దాన్నే అనుమానించాలి.

బ్రేక్ ఆయిల్ సంగతి చాలామందికి తెలియదు. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాల ఆయిల్స్ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీద బ్రేకు వేస్తే డ్రమ్ములు ఎర్రగా కాలతాయి, లైన్లో ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి అణుగుతుంది కాబట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. పైగా ఆ తేమే వీల్ సిలిండర్లను లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్ళకోసారి మొత్తం ఆయిల్ తీసి కొత్తది పోసి గాలి తీయించండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ని మాత్రం వీటితో కలపకండి. పెడల్ తొక్కితే లైన్లోకి ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్ మైనర్‌లో డ్రైవరు కాళ్ళ కింద, ఫ్లోరు అడుగున ఉంటుంది. మ్యాట్ ఎత్తి మూత విప్పితే తప్ప ఆయిల్ ఎంతుందో కనపడదు. కనపడదు కాబట్టి ఎవరూ చూడరు. మీ బండిలో ఇలా కంటికి కనపడని చోటు ఏది ఉందో ముందు దాన్ని వెతకండి.

అలాంటిదే ఇంకొకటి ముందు చక్రాల దగ్గర ఉంటుంది. మైనర్ సస్పెన్షన్ కింది భాగంలో ట్రనియన్ అని మరలున్న జాయింటు ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరలు ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి. గ్రీజు ఉన్నంతకాలం ఏళ్ళకేళ్ళు ఉంటాయి. గ్రీజు గన్ తగలకపోతే మరలు అరిగి, ఒకరోజు జాయింటు ఊడి చక్రం పక్కకి ఒరిగిపోతుంది. నెమ్మదిగా మలుపు తిప్పుతున్నప్పుడే ఎక్కువగా ఇలా అవుతుంది, అది అదృష్టమే. ఇప్పటి కార్లలో ఇలాంటి జాయింట్లకి జీవితాంతం సరిపడా గ్రీజు పెట్టి మూసేస్తారు, కాబట్టి కొత్త తరం మెకానిక్‌కి గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) వెతకడం అలవాటు ఉండదు. కంపెనీ పుస్తకంలో గ్రీజు చార్టు చూసి, బండి కింద ఎన్ని నిపుల్స్ ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి. రంగు కింద, మట్టి కింద ఒకటి రెండు దాక్కుని ఉంటాయి. గన్ కొట్టినప్పుడు పాత గ్రీజు బయటికి రావాలి. రాలేదంటే నిపుల్ మూసుకుపోయింది, విప్పి శుభ్రం చేయాలి.

టైర్ల గురించి ఒక్క మాట. పాత కారు తక్కువ తిరుగుతుంది, టైరు అరగదు, చూడ్డానికి కొత్తగానే ఉంటుంది. కానీ రబ్బరుకి వయసుంటుంది. టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. పదేళ్ళు దాటిన టైరును, స్టెప్నీతో సహా, మార్చేయండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఎలక్ట్రికల్. చాలామంది దీనికే భయపడతారు. పాత కారులో స్పార్కు ఎలా వస్తుందో ఒకసారి అర్థమైతే సగం బ్రేక్‌డౌన్లు రోడ్డు పక్కనే సరిచేసుకోవచ్చు. ఈ పద్ధతిని చార్ల్స్ కెట్టరింగ్ అనే అమెరికా ఇంజనీరు 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్ల కోసం తీసుకొచ్చాడు. 1970ల దాకా ప్రపంచంలో పెట్రోలు కార్లన్నీ దాదాపు దాని మీదే నడిచాయి. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్స్ అనే చిన్న స్విచ్ ఉంటుంది, అది తెరుచుకున్న క్షణంలో వోల్టేజి పెంచే కాయిల్‌కి వెళ్ళే కరెంటు తెగుతుంది. ఆ తెగడం వల్లే కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గుకి చేరతాయి. కండెన్సర్ పాయింట్స్ మధ్య మంట రాకుండా చూస్తుంది. మా బండిలో ఉన్న లూకస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్స్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి చూస్తే రెండు నిమిషాల పని. గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, మారుతుంది, బండి పికప్ పోతుంది, వేడెక్కుతుంది. చాలామంది ఆ లక్షణాలు చూసి కార్బొరేటర్ విప్పుతారు. ముందు స్పార్కు చూడండి, తర్వాతే పెట్రోలు జోలికి వెళ్ళండి.

ఇంకో ముఖ్యమైన విషయం ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి. లైటు మసకగా వెలుగుతోందన్నా, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మినుకుతోందన్నా, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందన్నా, మొదట ఎర్త్ వైర్లు బాడీకి బిగించిన చోట విప్పి, తుప్పు గీకి, మెరిసేదాకా తోమి మళ్ళీ బిగించండి. బ్యాటరీ మార్చే ముందు, డైనమో విప్పే ముందు ఈ పని చేయండి. అన్నట్టు, 1960ల దాకా బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది. తెలియకుండా కొత్త రేడియోనో, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనో తెచ్చి తగిలిస్తే క్షణంలో కాలిపోతుంది. వైరు రంగు చూసి నమ్మకండి, మీటరు పెట్టి చూసుకోండి.

తాళం తిప్పగానే ముందు పెట్రోలు పంపు చప్పుడు వినండి. మైనర్‌లో ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది. టక్ టక్ టక్ అని వేగంగా కొట్టుకుని, ఫ్లోట్ చాంబర్ నిండగానే ఆగిపోతుంది. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే పెట్రోలు అయిపోయినట్టు, లేదా ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు, లేదా ఫ్లోట్ నీడిల్ మూసుకోక పొంగుతున్నట్టు. అసలు కొట్టుకోకపోతే పంపు లోపలి పాయింట్స్ అతుక్కున్నాయని. స్పానర్ పిడితో మెల్లగా తడితే కదులుతుంది, ఇంటికి చేరాక వాటిని శుభ్రం చేసుకోవచ్చు. స్టార్ట్ చేయకముందే ఒక్క చప్పుడు ఇన్ని సంగతులు చెప్తుంది. నాడి చూసే వైద్యుడిలా మీ బండి మామూలుగా ఉన్నప్పుడు ఎలా మోగుతుందో చెవికి అలవాటు చేసుకోండి. తేడా వచ్చినప్పుడు ఏమిటో తెలియకపోయినా, వచ్చిందని మాత్రం తప్పకుండా తెలుస్తుంది.

ఇందాక ముందు వరసలో ఒకరు పెట్రోలు గురించి అడిగారు. మంచి ప్రశ్న. మన కార్లు తయారైన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. థామస్ మిడ్జ్‌లీ 1921లో జనరల్ మోటార్స్‌లో కనిపెట్టిన పద్ధతి అది. ఇంజన్ నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ టకటకలాడటం) ఆగింది గానీ ఆ సీసం గాలిలో కలిసి పిల్లల మెదళ్ళకు చేసిన హాని చాలా పెద్దది. 2021 జూలైలో అల్జీరియా అమ్మకం ఆపేయడంతో ప్రపంచంలో ఎక్కడా కార్లకి సీసం పెట్రోలు లేకుండా పోయింది. అది పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. మనకి మిగిలిన సమస్య ఏమిటంటే, ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మీద పొరలా ఉండి వాటిని కాపాడేది. అది లేకపోతే, గట్టి సీట్లు లేని పాత హెడ్డులో (వాల్వులుండే ఇంజన్ పైభాగంలో), ఎక్కువసేపు వేగంగా నడిపితే వాల్వు క్రమంగా సీటులోకి దిగిపోతుంది, టప్పెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, తగ్గిపోతుంటుంది. కాబట్టి టప్పెట్ గ్యాప్ చూసినప్పుడల్లా రాసిపెట్టుకోండి. ఒకే వాల్వు దగ్గర మళ్ళీ మళ్ళీ తగ్గుతుంటే, తర్వాత హెడ్డు దించినప్పుడు గట్టి సీట్లు వేయిస్తే ఆ సమస్య తీరిపోతుంది. దానికోసమే హెడ్డు దించక్కర్లేదు.

ఇప్పుడు పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ వేరే సమస్య. పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, కార్బొరేటర్‌లో జెట్ కొంచెం సరిచేయాల్సి రావచ్చు. అన్నిటికంటే ముందు ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కనీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చండి. వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బండిలో మంట ఆర్పే సిలిండరు ఒకటి, బ్యాటరీ కట్ చేసే స్విచ్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి.

విడిభాగాలు దొరకవని భయపెడతారు. అన్ని బండ్లకీ అది నిజం కాదు. మినీకి, ఎంజీబీకి మొత్తం బాడీనే కొత్తగా తయారుచేసే సంస్థ బ్రిటన్‌లో ఉంది. పోర్షే కంపెనీ తన పాత కార్ల కోసం దొరకని భాగాల్ని 2018 నుంచి త్రీడీ ప్రింటింగ్‌తో చేసి ఇస్తోంది. మీ కారుకి అంత ఆదరణ లేకపోయినా దారులున్నాయి. బేరింగ్ మీద అంకెలు చదవండి. 6203 అని ఉంటే లోపలి వ్యాసం 17, బయటిది 40, మందం 12 మిల్లీమీటర్లు, ఏ యంత్రానికైనా అదే బేరింగ్. ఆయిల్ సీలు కూడా కొలత పెట్టి కొనొచ్చు. బుష్షులు లేత్ మీద చేయించొచ్చు. క్యూబాలో చూడండి, 1960ల మొదట్లో అమెరికా వ్యాపారం ఆపేశాక అక్కడ మిగిలిపోయిన 1950ల అమెరికన్ కార్లని జనం రష్యా కార్ల భాగాలు తెచ్చి, సొంతంగా పోతపోసి, డీజిల్ ఇంజన్లు ఎక్కించి తరతరాలుగా తిప్పుతున్నారు. వాళ్ళకది సరదా కాదు, బతుకుతెరువు.

అక్కడే ఒక మెలిక ఉంది. ఎంతవరకు మార్చొచ్చు? పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966 నుంచి ఉంది. కనీసం 30 ఏళ్ళ వయసుండి, చరిత్రకి తగ్గ స్థితిలో ఉన్నదాన్నే వాళ్ళు చారిత్రక వాహనం అంటారు. 2012లో వాళ్ళు ఆమోదించిన ట్యూరిన్ చార్టర్, వీలైనంత తక్కువ మార్చమంటుంది. ఇంజన్ తీసేసి బ్యాటరీ మోటారు పెట్టిన కారుని చారిత్రక వాహనంగా ఫీవా ఒప్పుకోదు. ఈ విషయంలో నేను వాళ్ళ పక్షమే. అయితే ప్రాణం కాపాడేదాన్ని కాదనకండి. మూడు చోట్ల బిగించే సీటు బెల్టు 1959లోనే వోల్వో కార్లలో వచ్చింది, బాడీలో బలమైన చోటు చూసి పెట్టించుకోండి. వెనక లైట్లు వెనకవాడికి స్పష్టంగా కనపడాలి. ఏది మార్చినా వెనక్కి తిప్పగలిగేలా మార్చండి, తీసిన అసలు భాగాన్ని చీటీ కట్టి దాచండి. మీ తర్వాత ఆ బండి తీసుకునేవాళ్ళకి అది కావాలి.

పర్యావరణం గురించి కూడా అడుగుతారు, అడగాలి కూడా. పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ లేని పాత ఇంజన్ కిలోమీటరుకి వదిలే పొగ కొత్త కారుకంటే చాలా ఎక్కువ. అది దాచి మాట్లాడటం నాకిష్టం లేదు. మనం చేయగలిగింది మిశ్రమం సరిగ్గా పెట్టుకోవడం, ఆయిల్ తాగే ఇంజన్ని వాయిదా వేయకుండా బాగుచేయించడం, ఉత్తినే నిలబెట్టి ఆడించకపోవడం. రోజువారీ తిరుగుడుకి ఈ బండ్లు వాడకండి.

చివరిగా నేను మిమ్మల్ని గట్టిగా అడిగేది ఒకటుంది. కార్బొరేటర్ ట్యూనింగ్ చెవితో చేయగలిగిన మెకానిక్‌లు, తుప్పు తిన్న ఫ్లోరుని కోసి కొత్త రేకు అతికే టింకరింగ్ పనివాళ్ళు చాలామంది పెద్దవాళ్ళైపోయారు. బండి ఇచ్చేసి సాయంత్రం వస్తాననకండి. పక్కన నిలబడండి, టార్చి పట్టుకోండి, అడగండి, అనుమతి తీసుకుని వీడియో తీయండి. ఏ రోజు ఏ మీటరు రీడింగ్ దగ్గర ఏం చేశారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఒకసారి ఒక్కటే మార్చండి. ప్లగ్గులు, పాయింట్స్, కాయిల్ ఒకేరోజు మార్చేస్తే బండి బాగుపడొచ్చు గానీ ఏది బాగుచేసిందో మీకు తెలియదు. కొత్తగా వేసిన దానిలోనే లోపం ఉంటే అసలు దారే దొరకదు.

బండి బయట నీడలో పెట్టాను, ఇంజన్ ఈపాటికి చల్లబడి ఉంటుంది. మైనర్ టప్పెట్ గ్యాప్ చల్లని ఇంజన్ మీద 0.30 మిల్లీమీటర్లు. ఎలా చూడాలో తెలుసుకోవాలనుకునేవాళ్ళు నాతో రండి. ఫీలర్ గేజ్ నా దగ్గరుంది, మొదటి వాల్వు నేను చూపిస్తాను, మిగతా ఏడూ మీరే చేద్దురు గానీ.